జేజి చేతి మందుకు టిక్కెట్టు కొట్టేదెవరు?

(అగళి మాదిగగేరి కూటంలో ఒక మహిళా కార్యకర్త మాట్లాడిన మాటలు. మాట్లాడింది మాట్లాడినట్టే వేస్తున్నాం. చదివేదానికి వీలుగా అక్కడక్కడా కొంచెం సర్దినాం.)



నేను ఉపన్యాసం చెప్పేదానికి రాలేదు. మనలో మనకు పడిన ఒక తగువు గురించి మాట్లాడదామని వచ్చినాను. మన గేరిలో చదువుకున్న పిల్లోళ్లు ఒక మాట తెచ్చినారు. బెంగుళూరులో విహారయాత్రలు నడిపేవాళ్లు ఎవరో ఉన్నారంట. మన మారెమ్మ జాతర, ఆసాది పాట, తప్పెట, అమ్మవారు పోసిన బిడ్డకు వేపాకుతో చేసే సేవ, దిష్టి తీసేది, అంత్రం కట్టేది, ముసలోళ్ల నాటుమందులు, ఇవన్నీ చూసేదానికి జనాన్ని బస్సుల్లో తెస్తారంట. రాత్రికి మన ఇండ్లలోనే పడుకుంటారంట, మన రాగిసంగటే తింటారంట, తలకింత అని దుడ్లు ఇస్తారంట. దీనికి 'సముదాయ పర్యాటకం' అని పేరు కూడా పెట్టినారు.

ఈ మాటకు గేరి మూడు ముక్కలయింది. వక్కతోటల్లో కూలి దొరకని పిల్లోళ్లు సరే అంటాండారు. ముసలోళ్లు అమ్మవారిని అంగట్లో పెడతారా అని కోపం చేసినారు. మా సంఘం తమ్ముళ్లు కొందరు, ఇదంతా మూఢనమ్మకం, తప్పెటతో సహా తగలబెట్టండి అంటాండారు. ముగ్గురి మాటలోనూ నిజముంది. అందుకే తగువు తెగలేదు.

మా జేజి మంత్రసాని. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఏ కులపోళ్ల ఇంట్లో నొప్పులొచ్చినా అర్ధరాత్రి లాంతరు పట్టుకొని వచ్చి పిలిచేవాళ్లు. పెద్దకులపోళ్ల నడింట్లోకి ఆమె పోయేది. బిడ్డను బయటికి తీసేది ఆమె చెయ్యి, బొడ్డు కోసేది ఆమె చెయ్యి, మాయ పూడ్చిపెట్టేది ఆమె చెయ్యి. పురుడు పోసి పదకొండో దినం కడిగి శుద్ధి చేసుకున్నాక, అదే ఇంటికి అదే జేజి పోతే గడపకు అవతల నిలబెట్టి, చెరిగిన రాగులు పైనుంచి చెంగులో పోసేవాళ్లు. ఆ బిడ్డ పెద్దోడయినాక ఆమెను 'ఏమే' అని పిలిచేవాడు. ఆమె చేతిలో పుట్టినోడే!

మన వైద్యం గురించి మాట్లాడేటపుడు నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను, పర్యాటకం వాళ్ల కాగితం నుంచి కాదు. రోగం వచ్చిన పూట మాదిగ చెయ్యి కావాల. రోగం పోయిన మర్నాడు ఆ చెయ్యి అంటు.

జాతరలోనూ ఇదే కథ. మశూచి, కలరా ఊర్లను ఊడ్చుకుపోయే కాలంలో పొలి చల్లేది ఎవరు? దున్నపోతును కొట్టి, ఆ నెత్తురు కలిపిన అన్నం గంపకెత్తుకొని, నడిరాత్రి పొలిమేర చుట్టూ తిరిగినోడు మాదిగోడు. దయ్యం తగిలినా, అమ్మవారు కోపగించినా ఆయన మీదనే పడాల. ఊరు మాత్రం తలుపులేసుకొని లోపల భద్రంగా పడుకోవాల. దీన్నే కొందరు పండితులు 'గ్రామ సమైక్యతకు ప్రతీక' అని రాస్తారు. ఊరు కాపాడుకునేదానికి ఒక మనిషిని రోగానికి ఎదురు తోలితే అది సమైక్యత ఎట్ల అవుతాదప్పా?

ఇంకో ముచ్చట చెప్పాల. మాతంగి సంగతి. 1899లో ఎమ్మా క్లౌ అనే మిషనరీ అమ్మ ఒంగోలు పక్క మాదిగల గురించి రాసిన పుస్తకంలో ఇది ఉంది. 1909లో థర్‌స్టన్ దొర ఏడు సంపుటాలుగా అచ్చేసిన కులాల పుస్తకంలోనూ ఉంది. మాతంగి మాదిగ ఆడమనిషి. అమ్మవారు పూనినపుడు ఆమె ఊర్లోకి వచ్చి పెద్దకులపోళ్ల మీద ఎంగిలి ఉమ్మేది, కాలితో తాకేది, వాళ్ల పుట్టుకల్ని తిడుతూ పాడేది. వాళ్లు తల వంచి అది పట్టించుకునేవాళ్లు, దాంతో పవిత్రమైనామనేవాళ్లు. ఈ సంగతి మొదటిసారి చదివినపుడు నాకు ఒళ్లు పులకరించింది, అబద్ధమెందుకు. వేయేళ్లుగా మన ఉమ్మి నేల మీద పడకూడదన్నోళ్లు మన ఉమ్మిని మందుగా పూసుకున్నారు కదా అని. తర్వాత ఆలోచించినాను. ఆ ఒక్క పూట గడిచినాక మాతంగి యాడికి పోయింది? గేరికే పోయింది. ఏడాది పొడుగునా ఆమెకు మొగుడు లేడు, పిల్లలకు తండ్రి పేరు లేదు, ఏ ఇంటి గడపా ఆమెది కాదు. ఆ ఒక్క రాత్రి తిట్టనిచ్చినందుకు మిగతా రోజులన్నీ ఆమె నోరు మూయించినారు.

ఇప్పుడు బస్సులో వచ్చేవాళ్లు చూడాలనుకునేది ఆ ఒక్క రాత్రినే. మిగతా రోజుల్ని ఎవరు చూపిస్తారు?

మందు సంగతికి వస్తాను. మన వైద్యంలో పనికొచ్చేది ఏమీ లేదనేవాళ్లతో నేను ఒప్పుకోను. అమ్మవారు పోసిన ఇంటికి వేపమండలు కట్టి, బయటోళ్లను లోపలికి రానీకుండా, ఆ ఇంటి వాళ్లను బయటికి పోనీకుండా, బిడ్డకు అంబలి, మజ్జిగ ఇచ్చి చల్లగా ఉంచేవాళ్లు. అంటురోగానికి అది చాలా తెలివైన పద్ధతి. 2020లో కరోనా వచ్చినపుడు ప్రభుత్వం చెప్పింది కూడా అదే కదా, ఇల్లు కదలొద్దని. ఆ పద్ధతికి అమ్మవారి పేరు పెడితే జనం మాట విన్నారు. మా జేజి నొప్పులు పడే పిల్ల నడుముకు ఆముదం రాసి, గంటల కొద్దీ ఆమె చెయ్యి వదలకుండా కూచొని మాట్లాడేది. కాన్పు గదిలో ఒక్కతే పడి అరిచిన ప్రతి ఆడమనిషికి ఆ చేతి విలువ తెలుసు.

అయితే మశూచిని పోగొట్టింది పొలి కాదు, దున్నపోతు కాదు. టీకా. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో వచ్చింది. 1980లో ప్రపంచమంతా అది పోయిందని చాటినారు. ఇంటింటికీ తిరిగి సూది పొడిచిన కూలి మనుషులు, ఆరోగ్య కార్యకర్తలు ఆ పని చేసినారు. అమ్మవారికి ఇంకా మొక్కుతాం, మొక్కండి, నేను కాదనను. కానీ బస్సులో వచ్చినోళ్ల ముందర మారెమ్మ మశూచిని తరిమిందని కథ చెప్పి దుడ్లు తీసుకుంటే, ఆ సూదిమందు పొడిచినోళ్ల కష్టానికి మట్టి కొట్టినట్టే.

మా జేజి తప్పు కూడా చెబుతాను. ఆమె మొదట్లో బొడ్డు కొడవలితో కోసేది. పుట్టిన బిడ్డలు ఏడో దినం, ఎనిమిదో దినం దవడలు బిగుసుకొని చచ్చిపోయేవాళ్లు. గాలి సోకింది అనుకునేవాళ్లు. అది గాలి కాదు, ధనుర్వాతం. తర్వాత ప్రభుత్వం మంత్రసానులకు తర్ఫీదు ఇచ్చి, ఒక డబ్బా ఇచ్చింది. అందులో సబ్బు, బ్లేడు, దారం. జేజి ఆ డబ్బాను దేవుని గూట్లో పెట్టుకునేది. గర్భిణికి టీటీ సూది, కాన్పులో శుభ్రం, ఈ రెండూ పల్లెపల్లెకూ చేరినాక, 2015లో మన దేశంలో పసిబిడ్డల ధనుర్వాతం అదుపులోకి వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. ఒక బ్లేడు, ఒక సబ్బుబిళ్ల. ఆ రెండింటి కోసం ఎంతమంది తల్లులు ఏడ్చినారో.

మా తమ్ముడి కథ మీలో కొందరికి తెలుసు. చిన్నప్పుడు కండ్లు ఎర్రబడితే వేరే ఊరి నాటువైద్యుడొకాయన పసరు పిండినాడు. మూడు దినాలు పిండినాడు. ఎడమకంట్లో పువ్వు పడింది. ఈ పొద్దుకూ ఆ కంటికి వెలుతురు తెలుస్తాదే గానీ మనిషి కనపడడు. ఆయన చెడ్డోడు కాదు, దుడ్లు కూడా తీసుకోలేదు. తనకు తెలియదని ఆయనకు తెలియదు, అంతే. కాబట్టి 'వారసత్వం' అన్న మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు జేజి చెయ్యి, తమ్ముని కన్ను రెండూ గుర్తుకొస్తాయి.

ఇప్పుడు గట్టిగా చెప్పాల్సిన సంగతి. ఆడపిల్లల సంగతి. మన అనంతపురం, బళ్లారి, కర్నూలు పక్కల్లో బిడ్డకు జబ్బు చేస్తే, తలలో జడలు కడితే, 'బతికితే నీకే ఇస్తాం తల్లీ' అని మొక్కి బసివిని చేసేవాళ్లు. కొడుకులేని ఇంట్లో ఆస్తికీ, తలకొరివికీ కూతుర్ని బసివిగా విడిచేవాళ్లు. జబ్బు నయమైందో లేదో గానీ పిల్ల బతుకు మాత్రం పోయేది. మొక్కింది అమ్మవారికి, అనుభవించింది ఊరి దొరలు. జడలు కట్టేది అమ్మవారి పిలుపు కాదు. దువ్వక, కడగక వెంట్రుకలు చిక్కుబడతాయి. కత్తెరతో తీసేస్తే పోతాయి.

ఈ ఆచారాన్ని కర్ణాటకలో 1982 చట్టంతో, మన రాష్ట్రంలో 1988 చట్టంతో నిషేధించినారు. అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినపుడు, ఎస్సీ, ఎస్టీ ఆడపిల్లను దేవుడికి విడిచినా, అట్ల విడవమని ప్రోత్సహించినా అది అట్రాసిటీ కేసే అని సెక్షన్ 3(1)(కె)లో రాసినారు. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. 'ప్రోత్సహించినా' అన్న మాట గుర్తు పెట్టుకోండి. మాతంగి పూనకం, బసివి ఆట అని వేషం కట్టించి, నాటకం కదా అంటూ మన పిల్లను ఫోటోలకు నిలబెడితే, ఏది నాటకమో ఏది మొక్కో తేల్చేదెవరు? దీంట్లో బేరం లేదు. లక్ష ఇచ్చినా లేదు.

సరే, వైద్యాన్ని చూసేదానికి జనం రావడం కొత్తేమీ కాదు. హైదరాబాదులో మృగశిర కార్తెకు బత్తిని వాళ్లు ఉబ్బసానికి కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. 1845 నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతాది. ప్రభుత్వమే మైదానం, పోలీసులు, చేపలు సమకూరుస్తాది. అందులో ఏముందో చెప్పండని జనవిజ్ఞాన వేదిక వాళ్లు కోర్టుదాకా పోయినారు. ఆ గొడవల్లోనే 'చేప మందు' కాస్తా 'చేప ప్రసాదం' అయింది. మందంటే లెక్క చెప్పాల, ప్రసాదమంటే ఎవరూ అడగరు. పుత్తూరు కట్టు కూడా మీకు తెలుసు. ఎముక విరిగితే మనోళ్లూ రైలెక్కి పోతారు. తరతరాలుగా ఒక రాజుల కుటుంబం కడుతుంది, పేరొచ్చింది, మంచిదే. నేను వాళ్లను తప్పు పట్టడంలేదు. కానీ చూడండి, పైకులపోళ్ల చేతిలో ఉంటే అది 'వంశపారంపర్య వైద్యం'. మంత్రసాని చేతిలో ఉంటే 'మొరటు పద్ధతి'. డప్పు కళాకారులకు 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తాండారు. మన పోరాటాల ఫలమే అది. మంత్రసాని ఆ జాబితాలో లేదు. మా జేజి చేతిలో ఎన్ని ప్రాణాలు భూమ్మీద పడ్డాయో ఏ రిజిస్టర్లోనూ లేదు.

బయటి దేశాల్లో ఏమయిందో రెండు ముచ్చట్లు చెబుతాను. మొరాకోలో గ్నావా అనే జనం ఉన్నారు. నల్లవాళ్లు. వాళ్ల పూర్వీకుల్ని ఎడారి దాటించి బానిసలుగా తెచ్చినారు. వాళ్ల వైద్యం రాత్రంతా జరుగుతాది. తంబూర లాంటి వాయిద్యం, ఇనుప తాళాలు, పూనకం. మన జాతరే అనుకోండి. ఒకప్పుడు వాళ్లను చీదరించుకున్నోళ్లే, 1998 నుంచి ఎస్సౌయిరా అనే ఊర్లో ఏటా పెద్ద పండగ పెట్టినారు. 2019లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. గ్నావా గురువులు ప్రపంచమంతా తిరిగి కచేరీలు చేసినారు. పేరొచ్చింది, కూడొచ్చింది. అయితే రోగికోసం ఇంట్లో తెల్లారేదాకా జరిగేది వేరు, వేదిక మీద గంటసేపు వాయించేది వేరు అని ఆ గురువులకే బాగా తెలుసు.

రెండోది మెక్సికో. మరియా సబీనా అనే పేద ఆదివాసీ ముసలమ్మ. కొండ ఊర్లో రాత్రిపూట పాటలు పాడుతూ, ఒక రకం పుట్టగొడుగులు తినిపించి వైద్యం చేసేది. 1955లో న్యూయార్కు బ్యాంకు ఉద్యోగి వాసన్ అనేవాడు వచ్చి ఆమె పక్కన కూచున్నాడు. 1957లో అమెరికాలో పెద్ద పత్రికలో ఫోటోలతో అచ్చేసినాడు. ఆమె పేరు మార్చి రాసినా జనం కనిపెట్టినారు. గుంపులు గుంపులుగా వచ్చి పడినారు. రోగులుగా కాదు, మత్తుకోసం. పోలీసులు వచ్చినారు. నీవల్లే ఇదంతా అని ఊరోళ్లు ఆమె మీద పడినారు, ఆమె ఇల్లు తగలబడింది. 1985లో పేదరాలుగానే చచ్చిపోయింది. ఇప్పుడు ఆమె బొమ్మ వేసిన చొక్కాలు అమ్ముతారు.

మన దగ్గరే చూడండి. ధర్మవరం పక్క నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట ఉండేది. రాత్రంతా ఆడించే జనం పోయినారు. ఆ తోలు మీదే దీపాల బుడ్లు, పటాలు చేసి అమ్ముకుంటూ ఆ కుటుంబాలు నిలబడినాయి. దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆట తగ్గింది, చేతిపని మిగిలింది. అది ఓటమి అని నేను అనను. చేసేవాడే అమ్ముకున్నాడు, అదీ అసలు సంగతి. లేపాక్షి గుడి 2022లో యునెస్కో ముందస్తు జాబితాలోకి ఎక్కింది. రాయి ఎక్కింది సరే, ఆ రాయి మోసినోళ్ల పేరు ఏ జాబితాలో ఉంది? (నవ్వులు)

ఇంకొకటి, ఇది రాసుకోండి తమ్ముళ్లూ. కేరళ అగస్త్యమల కొండల్లో కాణి ఆదివాసులు ఉన్నారు. 1987లో శాస్త్రవేత్తలకు దావ చూపేదానికి పోయిన కాణి పిల్లోళ్లు అలుపు లేకుండా నడుస్తా, ఏదో కాయ నములుతాండారు. అడిగి తెలుసుకుంటే ఆరోగ్యపచ్చ అనే మొక్క. దాంతో జీవని అనే మందు తయారుచేసి, కోయంబత్తూరు కంపెనీకి పది లక్షలకూ, అమ్మకం మీద నూటికి రెండు వంతులకూ ఇచ్చినారు. అందులో సగం కాణి వాళ్లకు. దుడ్లు తీసుకునేదానికి వాళ్లు 1997లో ఒక ట్రస్టు పెట్టుకున్నారు. తర్వాత తగాదాలు వచ్చినాయి, అది వేరే కథ. కానీ తెలివికి వెల కట్టించుకోవచ్చని వాళ్లు చూపించినారు.

మనకు కూడా 2002 జీవవైవిధ్య చట్టం ఉంది. ప్రతి పంచాయతీలో కమిటీ వేసి, ఏ మొక్క ఏ జబ్బుకు వాడతారో, ఎవరికి తెలుసో ఒక రిజిస్టరు రాయాల. ఆ కమిటీలో మూడోవంతు ఆడవాళ్లు, నూటికి 18 మంది ఎస్సీ, ఎస్టీలు ఉండాలని 2004 నిబంధనల్లో రాసినారు. మన పంచాయతీ రిజిస్టర్లో మన గేరి ముసలమ్మ పేరు ఒక్కటన్నా ఉందా? పోయి అడగండి. 2023లో ఆ చట్టాన్ని సవరించి, శాస్త్రగ్రంథాల్లో రాసిపెట్టిన వైద్యజ్ఞానం వాడుకునేవాళ్లు ఎవరికీ వాటా ఇవ్వక్కరలేదన్నారు. ఇది మనకు ఎట్ల అర్థమవ్వాలంటే, నోటితో చెప్పిన జ్ఞానం, పుస్తకానికి ఎక్కనిది, అది ఎవరిదో వాళ్లకు ఇంకా హక్కు ఉంది. రాత మనకు దక్కనీయలేదు కాబట్టి మన జ్ఞానమంతా నోటిలోనే ఉండిపోయింది. ఇన్నాళ్లకు అదే మనకు పనికొచ్చేటట్టుంది. అయితే పిల్లోళ్లు వీడియో తీసి అడ్డంగా పంచిపెట్టేస్తే అది కూడా ఉండదు.

కాబట్టి నా మాట ఇది. పర్యాటకం వద్దని నేను అనను. 1928లోనే అంబేడ్కర్‌గారు బొంబాయి శాసనసభలో మహార్ వతన్ మీద బిల్లు పెట్టినారు. వెట్టికి ప్రతిఫలంగా ఇచ్చే తుంట నేలను, ధాన్యాన్ని మహార్లు 'మా హక్కు' అని పట్టుకుని ఉంటే, అది హక్కు కాదు సంకెల అన్నారు. జాతరలో మన పని అంతా హక్కా, సంకెలా అని ఒక్కొక్కటే తీసి చూడాల. ఆసాది పాట హక్కు. తప్పెట, కూలి మాట్లాడుకొని వాయిస్తే హక్కు, ఊరి పెద్ద పిలిస్తే పరిగెత్తి వాయిస్తే సంకెల. మంత్రసాని చేతి నేర్పు హక్కు. పొలి గంప సంకెల. పూనకం వచ్చిన ఆడమనిషి ముందు సెల్‌ఫోన్ పట్టుకొని నిలబడేది మాత్రం రెండూ కాదు, అది సిగ్గులేనితనం.

బస్సు వాళ్లతో మాట్లాడేది గేరి ఆడవాళ్ల సంఘం మాట్లాడాల, ఊరి పెద్దలు కాదు, నడిమి మనుషులు కాదు. దుడ్లు సంఘం ఖాతాలో పడాల. చూసేదానికి వచ్చినోళ్లు మారెమ్మ గుడి మెట్టు మీద కూచునే ముందు మనం కూచోవాల. ఏ మందుకూ 'నయమైతాది' అని బోర్డు రాయకండి. మంత్రతంత్రాలతో రోగాలు నయం చేస్తామని ప్రకటన చేస్తే 1954 చట్టం కింద జైలుకు పోయేది బెంగుళూరోడు కాదు, మన పిల్లోడు. ఎవరికన్నా జ్వరమొచ్చినా, పాము కరిచినా నూట ఎనిమిదికి ఫోన్ చేయాల, దిష్టి ఆ తర్వాత తీసుకుందాం.

(ఒక తమ్ముడు అడిగినాడు: "అక్కా, ఇన్ని షరతులు పెడితే వాళ్లు రారు కదా?")

రాకపోతే రారు. జేజి డబ్బా మా ఇంట్లోనే ఉంది. తుప్పు పట్టింది, మూత రాదు. అది చూసేదానికి ఎవరైనా వస్తే కథ చెబుతాను, రాకపోతే మన పిల్లలకే చెబుతాను. వచ్చే అమాసకు ఇక్కడే మళ్లా కూటం. మూడు గేరుల్లో బతికున్న మంత్రసానులను, మందులు తెలిసిన అవ్వలను పిల్చుకొని రండి. నడవలేనోళ్లను బండి మీద తీసుకురండి. ముందు వాళ్లు మాట్లాడతారు, బడికి పోయే పిల్లోళ్లు రాసుకుంటారు. బెంగుళూరు వాళ్లకు ఉత్తరం రాసేది ఆ తర్వాత.